ముందు బలిపూజ, వెనక గురక

శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ మేరీస్ కెథీడ్రల్‌లో, రాత్రిళ్లు గుమ్మాల దగ్గర పడుకునేవాళ్ల మీద పైనుంచి నీళ్లు కురిసేలా గొట్టాలు బిగించారు. 2015లో ఆ సంగతి వార్తల్లోకెక్కాక క్షమాపణ చెప్పి పీకేశారు. ఆ ఊరికి పేరేమో, ఉన్నదంతా వదిలేసి పేదల్లో కలిసిపోయిన ఫ్రాన్సిస్‌ది!

అదే ఊళ్లో, టెండర్‌లాయిన్ పేటలో సెయింట్ బోనిఫేస్ చర్చి ఇంకోలా ఆలోచించింది. 2004లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి, పగటిపూట వెనక బల్లలు ఇల్లులేనివాళ్ల నిద్రకి వదిలేసింది. ముందు వరసల్లో బలిపూజ, వెనక వరసల్లో గురక.

ఇలా చోటివ్వడంలో కష్టం లేదనను. శుభ్రం, గొడవలు, కాపలా... నడిపేవాళ్లకే తెలుస్తుంది. అయినా చర్చిలవాళ్లు నన్నడిగితే, ముందు ఇల్లులేనివాళ్ల కోసం మరుగుదొడ్డి తాళం తీయండి అంటాను. ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం.