ధర్మకాంటా చిట్టీలో సగం పేరు

మీలో ఎంతమందికి విజువల్ బేసిక్ గుర్తుంది? ఫామ్ మీద బటన్ లాగి పడేసి, డబుల్ క్లిక్ కొట్టి, నాలుగు లైన్లు రాస్తే ప్రోగ్రామ్ రెడీ. లైనక్స్‌లో ఆ సుఖం కావాలంటే గాంబాస్ ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన బెన్వా మినిసిని మొదలుపెట్టాడు, 2005లో 1.0 వచ్చింది. స్పానిష్‌లో గాంబాస్ అంటే రొయ్యలు, అందుకే లోగోలో కూడా రొయ్యే :)

బోధన్ రోడ్డులో మా మేనమామకి ధర్మకాంటా ఉంది. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ మూతపడ్డాక మా వైపు చెరుకు దూరం ఫ్యాక్టరీలకి పోవాల్సి వచ్చింది. కోత కూలీ, ట్రాక్టర్ కిరాయి అన్నీ టన్ను లెక్కే. అందుకే రైతు ఇక్కడ ఒకసారి తూకం వేయించుకుని చిట్టీ జేబులో పెట్టుకుంటాడు. మామ దగ్గరున్న పాత కంప్యూటర్‌లో విండోస్ చచ్చిపోతే, నేనే లైనక్స్ ఎక్కించి గాంబాస్‌లో చిట్టీల ప్రోగ్రామ్ రాసిచ్చాను. తెలుగులో పేర్లు వస్తాయని గొప్పగా చెప్పాను కూడా.

నాలుగు రోజులకి ఫోన్. "అల్లుడా, గీ చిట్టీల పేరు సగమే వస్తుంది. ప్రింటర్ ఖరాబైందా ఏంది?"

సగం కూడా కాదు. మూడు నాలుగు అక్షరాలు, చివర ఒక డబ్బా గుర్తు. మనవైపు ఇంటిపేరు ముందు రాస్తాం కదా, అన్నదమ్ములిద్దరి చిట్టీలూ ఒకేలా వచ్చాయి. తమ్ముడి లోడు అన్న లెక్కలో పడి, అన్న కోత కూలీలకి ఎక్కువ పైసలు ఇచ్చేశాడు. ఇద్దరూ కాంటా దగ్గరే గొడవ పడ్డారట.

హైదరాబాద్ నుంచి రెండు రాత్రులు కూర్చున్నా. ఫాంట్ మార్చాను. క్యూటీ తీసేసి జీటీకే పెట్టాను. ప్రింటర్ డ్రైవర్‌ని తిట్టాను. స్క్రీన్ మీద టెక్స్ట్‌బాక్స్‌లో పేరు మొత్తం కనిపిస్తోంది, చిట్టీలోనే తెగుతోంది. చివరికి విసుగొచ్చి 'బోధన్' అని ఇచ్చి లెన్ ఎంతో ప్రింట్ చేశా. 15!

కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో బ, ఓత్వం, ధ, న, పొల్లు కలిపి ఐదు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. గాంబాస్‌లో లెన్, లెఫ్ట్, మిడ్ బైట్లనే లెక్కపెడతాయి. చిట్టీలో కాలమ్ సరిపోవాలని నేను లెఫ్ట్‌తో 20 దగ్గర కోశాను. అంటే ఆరు గుర్తులు, ఏడోదానిలో రెండు బైట్లు. ఆ తెగిన ముక్కే డబ్బా.

దీనికి స్ట్రింగ్ క్లాస్‌లో వేరే లెఫ్ట్ ఉంది, అది గుర్తుల్ని లెక్కపెడుతుంది. అది పెట్టి హమ్మయ్య అనుకునేలోపు ఇంకో తిరకాసు: గుణింతం గుర్తు వేరు కాబట్టి 'రా' కాస్తా 'ర' దగ్గర తెగిపోవచ్చు. పేరులో దీర్ఘం పోతే అది ఇంకొకరి పేరు. ఇక కోయడం మానేశా. పేరు పొడవైతే ఖాళీ ఉన్నచోట విరిచి రెండో లైన్‌లో వేస్తున్నా, పక్కన రైతు నంబర్ కూడా. అదృష్టం, డేటాబేస్‌లో పేర్లు పూర్తిగానే ఉన్నాయి. నాలుగు రోజుల చిట్టీలూ మళ్ళీ ప్రింట్ తీసి ఇచ్చాడు మామ.

గాంబాస్ తప్పేం లేదు, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. నేను టెస్ట్ చేసింది 'టెస్ట్ ఫార్మర్' అని, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. పదకొండు బైట్లు, బ్రహ్మాండంగా వచ్చింది. తెలుగు కోసం రాసిన ప్రోగ్రామ్‌లో తెలుగు పేరు ఒక్కటి కూడా కొట్టి చూడలేదు! కనీసం నా పేరు కొట్టినా అక్కడే దొరికేది.

ఆఫీసులో బగ్ అంటే ఒక టికెట్. ఎవరో వేస్తారు, ఎవరో మూసేస్తారు. ఇక్కడ మాత్రం ఇద్దరు అన్నదమ్ములు. మొన్న ఊరెళ్ళినప్పుడు పెద్దాయన కనిపించి "ఇప్పుడు మంచిగనే వస్తుంది సారూ" అన్నాడు. నాకే మొహం చెల్లలేదు.