వార్తల పుస్తకంలో ఒక పుట

మా అబ్బాజాన్‌కు రాయచోటిలో చిన్న కిరాణా దుకాణం ఉండేది. మోకాళ్ల నొప్పులు ముదిరి దుకాణం ఎత్తివేసిన నాడు, పద్దు రాయకుండా మిగిలిపోయిన ఒక పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకాన్ని ఆయన ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటినుంచి రోజూ అస్ర్ నమాజు ముగించుకొని వచ్చి, దినపత్రికలో విదేశీ వార్తల పుట తెరిచి మాకు చదివి వినిపించేవారు. నచ్చిన వార్తను కత్తెరతో కత్తిరించి, మైదా జిగురుతో ఆ పుస్తకంలో అతికించేవారు. ఆయనకొక నియమం ఉండేది. రాజుల రాకపోకలు, యుద్ధాలు, ఎన్నికలు అందులోకి రాకూడదు. ఒక మనిషి మరొక మనిషికి ఏం చేశాడన్నదే రావాలి.

2010లో చిలీ దేశంలోని సాన్ హోసే గనిలో 33 మంది కార్మికులు 69 రోజులు భూగర్భంలో చిక్కుకొని ప్రాణాలతో బయటపడిన వార్త అందులో రెండు పుటలు ఆక్రమించింది. వాళ్లు లోపలున్నన్నాళ్లూ అమ్మీ తన దువాలో వాళ్లనూ కలుపుకొనేది. వాళ్లు ఏ మతస్థులని ఆమె అడగలేదు, మేమూ చెప్పలేదు.

2016లో అబ్బాజాన్ కన్నుమూశారు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. పుస్తకం నా పాలికి వచ్చింది. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను కనుక, కత్తెర, జిగురు నా చేతికే తగునని అందరూ తీర్మానించారు. రెండేళ్లపాటు అందులో నేను ఒక్క వార్తా అతికించలేదు. అతికించిన మొదటి వార్త గురించే ఇది.

2018 రంజాన్ మే నెల మధ్యలో మొదలయింది. మా సీమ ఎండల్లో ఆ ఉపవాసాలు ఎలా గడిచాయో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. మే 26 రాత్రి మా ఇంటి మగపిల్లలు తరావీహ్ నుంచి వచ్చి నిద్రపోకుండా, ఎక్కడో కీవ్ నగరంలో జరుగుతున్న ఫుట్‌బాల్ ఫైనల్ చూస్తూ కూర్చున్నారు. వాళ్ల అభిమానమంతా ఈజిప్టు ఆటగాడు ముహమ్మద్ సలాహ్ మీద. ఆట మొదలైన అరగంటకే అతడు భుజానికి దెబ్బ తగిలి, కన్నీళ్లతో మైదానం విడిచి వెళ్లాడు. సహెరీ వేళ మా చిన్నవాడు అన్నం ముట్టనని మారాం చేశాడు. వాడిని బుజ్జగించడానికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అదే ఆట చూడడానికి ఆ సాయంత్రం పారిస్ నగరం ఉత్తర భాగంలో ఒక ఇరవై రెండేళ్ల యువకుడు భోజనశాల వైపు నడుస్తున్నాడని మాకు మరునాడు తెలిసింది. అతడి పేరు మామూదూ గస్సామా. స్వదేశం మాలి. ఎడారులు దాటి లిబియా చేరి, అక్కడినుంచి పడవలో మధ్యధరా సముద్రం దాటి ఇటలీకి, చివరకు 2017 సెప్టెంబరులో ఫ్రాన్సుకు వచ్చిన మనిషి. చేతిలో కాగితాలు లేవు. మోంత్రుయ్‌లో వలస కార్మికుల వసతి గృహంలో బంధువులతో కలిసి ఒకే గదిలో ఉంటూ, భవన నిర్మాణంలో దొరికిన పని చేసుకుంటున్నాడు. వీధిలో జనం గుమిగూడి కేకలు వేస్తుంటే తల ఎత్తి చూశాడు. నాలుగో అంతస్తు బాల్కనీ కమ్మీకి ఒక నాలుగేళ్ల పిల్లవాడు వేలాడుతున్నాడు. పక్కింటి మనిషి అడ్డుగోడ ఇవతలినుంచి చేయి చాచి వాడిని పట్టుకోగలిగాడు గాని పైకి లాగలేకపోతున్నాడు. గస్సామా ఒక బాల్కనీ అంచు పట్టుకొని దాని పైకి, అక్కడినుంచి మరొక దానిపైకి, నిమిషం తిరగకుండా నాలుగు అంతస్తులూ ఎగబాకి, కమ్మీ దాటి, ఒక్క చేత్తో బిడ్డను లోపలికి లాగేశాడు. బిడ్డ చేతికి దక్కి గదిలోకి వెళ్లాకనే తనకు వణుకు పుట్టిందని తరువాత చెప్పాడు.

పిల్లవాడి తల్లి అప్పుడు హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఉంది. తండ్రి వాడిని ఒంటరిగా ఇంట్లో వదిలి బజారుకు వెళ్లాడు. తండ్రిని లోకమంతా తిట్టిపోసింది. నేనూ తిట్టాను. సోమవారం, మే 28న, దేశాధ్యక్షుడు ఎమాన్యుయేల్ మాక్రోన్ గస్సామాను తన భవనానికి పిలిపించుకొని, పతకమిచ్చి, పౌరసత్వం ఇస్తామని, అగ్నిమాపక దళంలో చోటు కల్పిస్తామని మాట ఇచ్చారు.

పత్రికలో ఆ వార్త చూడగానే నాకు అబ్బాజాన్ గుర్తుకొచ్చారు. బీరువాలోంచి ఎర్ర పుస్తకం తీశాను. ఇఫ్తార్‌కు గంట ముందు పిల్లలందరినీ చాప మీద కూర్చోబెట్టి, ఉపాధ్యాయురాలి గొంతుతో కథంతా చెప్పాను. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడినంతటిదని మాయిదా సూరాలో ఉన్న మాటను గుర్తుచేశాను. భయపడక ముందుకు దూకినవాడిని ప్రపంచం నెత్తిన పెట్టుకుంటుందని కూడా అన్నాను. ఆ చివరి మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మా పెద్దన్నయ్య గుమ్మం దగ్గర కూర్చొని ఖర్జూరాలు పళ్లెంలో సర్దుతున్నాడు. అతడు కువైట్ నుంచి తిరిగి వచ్చి అప్పటికి నెలన్నరే అయింది. ఫోనులో ఆ దృశ్యం చూపించాను. మొదటిసారి మౌనంగా చూశాడు. రెండోసారి చూసి, “ఇది ఎవరు తీసినారు?” అని అడిగాడు.

“కింద ఉన్నవాళ్లు ఎవరో తీశారు భాయీజాన్.”

“ముఖం బాగా కనపడతాంది వానిది,” అన్నాడు. అంతే. పళ్లెం నా చేతికిచ్చి మసీదుకు వెళ్లిపోయాడు. ఆ రోజు ఇఫ్తార్ అక్కడే చేశాడు.

అన్నయ్య 2011లో ఇంటి డ్రైవరుగా కువైట్ వెళ్లాడు. మా వైపు ఊళ్లలో కువైట్‌కు మనిషిని పంపని వీధి ఉండదు. రెండేళ్లు పనిచేశాడు. చివరి ఎనిమిది నెలలకు జీతం రాలేదు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. ఒకరాత్రి ఆ ఇంటినుంచి బయటికి వచ్చేశాడు. అక్కడి చట్టంలో ఇంటిపని వీసా మీద వచ్చినవాడు మరొకచోట పని చేయరాదు. ఇల్లు విడిచిన మరుక్షణం అతడు పారిపోయినవాడే. మనవాళ్లు అటువంటి మనిషిని ‘ఖల్లివెల్లి’ అంటారు. నవ్వుతూనే అంటారు. అకామా లేని అయిదేళ్లు అన్నయ్య జిలీబ్‌లో ఒక గదిలో తొమ్మిది మందితో ఉంటూ, రంగులు వేసే పని, తాపీ పని, ఏది దొరికితే అది చేశాడు. అబ్బాజాన్ జనాజాకు రాలేకపోయాడు. వస్తే జైలు, జరిమానా దాటుకొని రావాలి. 2018 జనవరి చివర కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించి, దాన్ని ఏప్రిల్ 22 వరకు పొడిగించినప్పుడు, మన రాయబార కార్యాలయం ముందు వరుసలో నిలబడి ఔట్‌పాస్ తీసుకొని, జరిమానా లేకుండా ఇంటికి చేరాడు. ఇంత మాకు తెలుసు. దీనికి మించి మేము అడగలేదు.

రెండు రోజుల తరువాత, సహెరీ ముగిసి ఫజ్ర్ అజాన్ ఇంకా వినబడని ఆ కొద్ది నిమిషాల్లో, అన్నయ్య నా దగ్గరికి వచ్చి వంటింటి గట్టు మీద కూర్చున్నాడు. తనంతట తానే మొదలుపెట్టాడు.

2017 వేసవి. జిలీబ్‌లో ఒక భవనానికి రాత్రిపూట రంగులు వేస్తున్నారు. పగలు ఎండకు పని సాగదు. పైగా రాత్రయితే తనిఖీలు తక్కువ. అతడితో పాటు బంగ్లాదేశ్ కుర్రవాడొకడు పనిచేస్తున్నాడు. గదిలో పక్క పక్కనే పడుకొనేవారు. ఆ కుర్రవాడు రెండో అంతస్తు దగ్గర సారువ మీదినుంచి జారి కింద పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. పిలిస్తే పలుకుతున్నాడు. నలుగురు పనివాళ్లలో ఒక్కరికీ కాగితాలు లేవు. అన్నయ్యే అంబులెన్సుకు ఫోను చేశాడు. అంబులెన్సు వస్తే వెనకే పోలీసులు వస్తారు. మిగిలిన ఇద్దరూ వెళ్లిపోయారు. అన్నయ్య కొంతసేపు అతడి తల తన ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. వీధి చివర ఎర్ర దీపం తిరుగుతూ కనబడగానే, తన తువాలు మడిచి అతడి తల కింద పెట్టి, లేచి నడిచి వెళ్లిపోయాడు.

“పరుగెత్తలేదు,” అన్నాడు. “పరుగెత్తితే ఎవరైనా చూస్తారని.”

ఆ రాత్రే గది మారాడు. సిమ్ము తీసి పారేశాడు. ఆ కుర్రవాడు బతికాడో లేదో అతడికి తెలియదు.

“నేను పైకి ఎక్కే పని గూడా లేదు చెల్లీ. కూర్చునుంటే చాలు,” అన్నాడు అన్నయ్య. “ఆ పిల్లోడు ఎట్ల ఎక్కినాడో నాకు తెలుసు, చేతుల్లో బలముంటే ఎక్కొచ్చు. ఎక్కినాంక పోలీసులు వచ్చేదాకా ఆడనే ఎట్ల ఉన్న్యాడో అదే నాకు తెలవడంలా.”

నేను ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని. ఒక్క మాటా నోట రాలేదు. అప్పుడే అజాన్ మొదలైంది.

ఆ ఉదయం ఎర్ర పుస్తకం మళ్లీ తెరిచాను. గస్సామా వార్తను నేను అతికించిన పుటకు ఎదురు పుటలో అబ్బాజాన్ అతికించిన చివరి వార్తల్లో ఒకటి ఉంది: 2015 జనవరిలో పారిస్‌లో యూదుల సరుకుల దుకాణం మీద దాడి జరిగిన నాటిది. అక్కడ పనిచేసే లస్సానా బాతిలీ కూడా మాలి దేశస్థుడే, ముస్లిం. దాడి చేసిన హంతకుడి కుటుంబమూ మాలినుంచి వలస వచ్చినదే. బాతిలీ కొందరు కొనుగోలుదారులను నేలమాళిగలోని శీతల గదిలో దాచి, యంత్రం ఆపి, దీపం ఆర్పి, తాను సరుకుల లిఫ్టులో బయటపడ్డాడు. బయట ఉన్న పోలీసులు మొదట అతడినే అనుమానించి చేతులకు సంకెళ్లు వేశారు. గంటకు పైగా అలాగే ఉంచారు. తరువాతే అతడి మాట విని లోపలి గదుల నమూనా తెలుసుకున్నారు. అదే నెల 20న అతడికి ఫ్రాన్సు పౌరసత్వం ఇచ్చారు. అంతకు ముందు కొన్నేళ్లు అతడూ కాగితాలు లేకుండా బతికినవాడే.

ఆ వార్తలో సంకెళ్ల వాక్యం కింద పెన్సిలుతో గీత ఉంది. పుస్తకమంతా తిరగేశాను. అబ్బాజాన్ మరే వార్త కిందా గీత గీయలేదు. 2015 జనవరి నాటికి అన్నయ్య ఇల్లు విడిచి ఏడాదిన్నర అయింది. ఆ సంగతి మాకెవరికీ తెలియదనే అనుకున్నాము. అన్నయ్య ఫోనులో అమ్మీకి జీతం బాగానే వస్తున్నదని చెప్పేవాడు. అబ్బాజాన్ పక్కన కూర్చొని వినేవారు.

ఆ వారంలోనే, మే 30న, పారిస్ ఉత్తర భాగంలో కాలువ ఒడ్డున గుడారాల్లో ఉంటున్న దాదాపు వెయ్యిమంది వలసదారులను పోలీసులు ఖాళీ చేయించిన వార్త వచ్చింది. అధ్యక్ష భవనంలో గస్సామాకు పతకమిచ్చి అప్పటికి రెండు రోజులే. ఆ వెయ్యిమందిలో బాల్కనీలు ఎక్కగలవారు ఎందరున్నారో ఎవరు చెప్పగలరు? వాళ్లకు ఎక్కవలసిన బాల్కనీ ఎదురుపడలేదు. గస్సామా చేసిన పనిని నేను ఒక్క వీసమెత్తు కూడా తగ్గించి చూడను. అతడు పతకం కోసం ఎక్కలేదు. కాని నాలుగు అంతస్తులు ఎక్కితే తప్ప ఒక మనిషి ముఖం లోకానికి కనబడకపోవడం ఏం న్యాయం? కనబడితే చాలు పట్టుకుపోతారని అయిదేళ్లు తల వంచుకు నడిచినవాడి ముందు కూర్చొని, భయపడనివాడిని ప్రపంచం నెత్తిన పెట్టుకుంటుందని నేను పాఠం చెప్పాను.

అలాగని అన్నయ్య చేసింది తప్పు కాదని కూడా నేను అనలేను. అతడూ అనమని అడగలేదు. ఒక్కసారి మాత్రం, “నీ స్థానంలో ఎవరున్నా అంతే చేసేవారు భాయీజాన్,” అన్నాను. అతడు తల అడ్డంగా ఊపాడు. “ముగ్గురం చేసినాం. వాడుంటే చేసుండడు,” అన్నాడు.

ఈద్‌కు ముందురోజు నేను ఇంటిల్లిపాది ఫిత్రా లెక్క కడుతుంటే అన్నయ్య వచ్చి, ఏడు దీనార్లంటే మన డబ్బు ఎంత అని అడిగాడు. పదిహేను వందలకు పైమాటే అన్నాను. లెక్కబెట్టి నా చేతిలో పెట్టాడు. ఫిత్రాలో కలపబోతుంటే వద్దన్నాడు. అది సదఖా కాదట, అప్పట. ఆ కుర్రవాడు పడడానికి వారం ముందు అన్నయ్యకు బదులిచ్చినది. ఒక కవరులో పెట్టి ఎర్ర పుస్తకంలో దాచమన్నాడు. కువైట్‌లో ఇంకా ఉన్న మన ఊరివాళ్ల ద్వారా ఆ కుర్రవాడి కోసం వాకబు చేయిస్తూనే ఉన్నాడు. గది ఖాళీ అయిందని ఒకరు, ఆ భవనమే చేతులు మారిందని మరొకరు చెప్పారు.

సెప్టెంబరులో గస్సామాకు పౌరసత్వం వచ్చిన వార్త పత్రికలో చిన్నగా పడింది. నేను బడినుంచి వచ్చేసరికే అన్నయ్య దాన్ని కత్తిరించి ఉంచాడు. అమ్మీ మైదా కాచి ఇచ్చింది. మే నెలలో అతికించిన వార్త కిందనే దాన్ని కూడా అతికించాము. కవరు ఆ పుటలోనే ఉంది.