థేమ్స్ ఒడ్డున ముసలి పడవల ముచ్చట

లండన్ బాబుల వారాంతపు విలాసానికి తయారైన కొయ్య పడవలు 1940లో సైనికుల ప్రాణాలు కాపాడాయి. ఇప్పుడు ఆ పడవల ప్రాణం యజమానుల జేబు మీద, ఓపిక మీద ఆధారపడి ఉంది.

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి, ట్వైఫర్డ్‌లో బండి మారితే దాదాపు గంటలో హెన్లీ ఆన్ థేమ్స్ చేరుకోవచ్చు. జూలై మొదట్లో ఈ చిన్న పట్టణం తెడ్ల పడవల పందేలతో కిటకిటలాడుతుంది. 1839లో మొదలైన ఈ పందేలకు వచ్చేవారికి పడవల కన్నా టోపీలు, షాంపేన్ గ్లాసుల మీదే ధ్యాస అని గిట్టనివాళ్లు అంటుంటారు. అసలు పడవల పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఇక్కడి ఫాలీ మైదానంలో జూలైలోనే జరిపే మరో జాతర ఉంది. 1978లో మొదలైన ఆ సంబరంలో పాతకాలపు పడవలే కథానాయికలు. గుప్పుగుప్పున పొగ వదిలే ఆవిరి లాంచీలు, వెనుక భాగం చెప్పులా కిందికి వాలి ఉండే స్లిప్పర్ లాంచీలు, గడ వేసి నడిపే పంట్లు అక్కడ వరుస కడతాయి. అద్దంలా మెరిసే మహాగని పలకలు, బంగారమనిపించే ఇత్తడి బిగింపుల మీద ఎవరి వేలిముద్ర పడినా యజమాని జేబులోంచి గుడ్డ బయటికొస్తుంది.

వీటి మధ్య కాస్త భారీగా, హుందాగా కనిపించే కొన్ని పడవల చుట్టూ జనం ఎక్కువగా మూగుతారు. ముప్పై నుంచి నలభై అయిదు అడుగుల పొడవు, ముందు చిన్న చుక్కాని గది, లోపల నాలుగు పడకలు, ఒక బుల్లి వంటగది... చూడటానికి అదేమంత ప్రత్యేకం కాదు. గోడ మీద బిగించిన ఇత్తడి రేకు మీది అక్షరాలే ప్రత్యేకం: ‘డంకర్క్ 1940’. యజమాని పడవలో ఉంటే సెయింట్ జార్జి ఎర్ర శిలువ మధ్య డంకర్క్ పట్టణ చిహ్నం ఉన్న జెండా ఎగురుతుంది. ఎంత డబ్బున్నా బజారులో కొని ఎగరేసుకునే జెండా కాదది. 1940లో ఆ పడవ డంకర్క్ వెళ్లి వచ్చినట్టు రుజువులు చూపితేనే అందుకు అర్హత.

నిజానికి యుద్ధానికి ఏ మాత్రం పనికిరాని పడవలవి. 346 కిలోమీటర్ల థేమ్స్ నది టెడింగ్టన్ దాకా మంచినీటి నది. అక్కడి నుంచి కిందికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. టెడింగ్టన్‌కు ఎగువన 40కి పైగా లాకులున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టా కాలువల మీద లాకులు చూసినవారికి ఆ పద్ధతి కొత్తేమీ కాదు. ఒక తలుపు మూసి, మరో తలుపు తెరిచి నీటి మట్టంతో పాటు పడవను ఎక్కించడం, దించడం. ఆ లాకుల్లో పట్టాలి, పాత రాతి వంతెనల కింద దూరాలి, లోతు తక్కువ చోట నేల తగలకూడదు. అందుకే థేమ్స్ క్రూజర్లను సన్నగా, పొట్టిగా, అడుగు లోతు తక్కువగా చేశారు. ఆక్స్‌ఫర్డ్‌లో సాల్టర్ సోదరులు, హెన్లీలో హాబ్స్, చెర్ట్‌సీలో బేట్స్, హాంప్టన్‌లో థోర్నిక్రాఫ్ట్ వంటివారు ఈ విద్యలో ఆరితేరారు. 1920, 30 దశకాల్లో పెట్రోలు ఇంజన్లు నమ్మకంగా పనిచేయడం మొదలయ్యాక లాయర్లు, డాక్టర్లు, వ్యాపారులు వారాంతాల్లో కుటుంబాన్ని వెంటబెట్టుకుని నదీవిహారానికి బయలుదేరారు. అలలు లేని నీళ్లలో టీ తాగడానికి తయారుచేసిన వాహనమది.

1940 మే 14న బీబీసీ రేడియోలో నౌకాదళం ప్రకటన ఒకటి వినిపించింది. 30 నుంచి 100 అడుగుల పొడవున్న, సొంత ఇంజనున్న విహార పడవల యజమానులు రెండు వారాల్లోగా వివరాలు పంపాలని దాని సారాంశం. అప్పటికి డంకర్క్ ఆలోచనే ఎవరికీ లేదు. పది రోజులు గడిచేసరికి పరిస్థితి తలకిందులైంది. జర్మన్ సేనల ధాటికి బ్రిటిష్, ఫ్రెంచి దళాలు ఫ్రాన్స్ ఉత్తర తీరంలో ఒక మూలకు చేరి చిక్కుకుపోయాయి. మే 26న ‘ఆపరేషన్ డైనమో’ మొదలైంది. టెడింగ్టన్‌లో పడవల కర్మాగారం నడిపే డగ్లస్ టఫ్ థేమ్స్ ఎగువ ప్రాంతాల నుంచి వందకు పైగా పడవలను పోగుచేశారు. అనవసరమైన సామాన్లన్నీ దింపేశాక ఆ పడవలు నది దాటి రామ్స్‌గేట్ వైపు, అక్కడి నుంచి సముద్రంలోకి సాగాయి. డంకర్క్‌కు అతి దగ్గర దారి 39 నాటికల్ మైళ్లు. జర్మన్ ఫిరంగులకు అందకుండా చుట్టు తిరిగి వెళ్తే 87.

జూన్ 4న ఆపరేషన్ ముగిసేనాటికి 3,38,226 మంది ఇంగ్లండ్ చేరారు. ఈ ఘట్టం చుట్టూ అల్లుకున్న కథలో కొంత అతిశయోక్తి ఉంది. సైనికులందరినీ బుల్లి పడవలే మోసుకొచ్చాయన్నది నిజం కాదు. 2,39,446 మంది డంకర్క్ రేవు నుంచే, ముఖ్యంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన పొడవాటి కొయ్య గట్టు మీది నుంచి పెద్ద ఓడలెక్కారు. మిగిలిన 98,780 మంది ఇసుక తీరం నుంచి బయటపడ్డారు. అక్కడే బుల్లి పడవల అవసరం వచ్చింది. యుద్ధనౌకలు రాలేని మోకాటి లోతు నీళ్లలోకి వెళ్లి, మెడ దాకా మునిగి నిలబడ్డ సైనికులను ఎక్కించుకుని, దూరంగా ఆగిన నౌకలకు చేర్చడం వాటి పని. నది కోసం తగ్గించిన అడుగు లోతే యుద్ధంలో అక్కరకొచ్చింది. యజమానులే నడిపారన్నది కూడా కొద్ది పడవల విషయంలోనే నిజం. చాలావాటిని నౌకాదళం మనుషులే నడిపారు.

యజమాని స్వయంగా వెళ్లినవాటిలో పేరుమోసింది ‘సన్‌డౌనర్’. 1912లో నౌకాదళం కోసం తయారైన ఆ 58 అడుగుల పడవను 1929లో కొన్న చార్లెస్ లైటోలర్ సామాన్యుడు కాదు. 1912లో మునిగిన టైటానిక్‌లో ఆయన సెకండ్ ఆఫీసర్. ఆ ఓడ అధికారుల్లో బతికి బయటపడ్డవారిలో అందరికన్నా పెద్ద హోదా ఆయనదే. పడవను అప్పగించమని కబురొచ్చినప్పుడు, తానే నడిపిస్తానని పట్టుబట్టారు. 66 ఏళ్ల వయసులో పెద్ద కొడుకును, ఓ సీ స్కౌట్ కుర్రాడిని వెంటబెట్టుకుని జూన్ 1న బయలుదేరారు. అంతవరకూ ఎన్నడూ 21 మందికి మించి ఎక్కించని పడవలో దాదాపు 130 మందిని కుక్కి రామ్స్‌గేట్ చేర్చారు.

యుద్ధం ముగిశాక దేశం పడవల సంగతి మర్చిపోయింది. కొన్ని తిరిగి రానేలేదు. వచ్చినవాటిలో కొన్ని నివాసాలయ్యాయి, కొన్ని ఏ వాగు మలుపులోనో బురదలో కూరుకుపోయాయి. 1960ల నుంచి ఫైబర్‌గ్లాస్ పడవలు మార్కెట్‌ను ముంచెత్తాయి. చవక, కుళ్లవు, ఏటా రంగు వేయనక్కర్లేదు. కొయ్య పడవ కొనేవాడు వెర్రివాడి కింద లెక్క. అలాంటి సమయంలో బీబీసీ వ్యాఖ్యాత రేమండ్ బాక్స్‌టర్ తన పడవ ‘లోరాజ్’ చరిత్ర తవ్వితే అది డంకర్క్ వెళ్లి వచ్చినదని తేలింది. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయన్న ప్రశ్నతో ఆయన పత్రికలో రాశారు. ఫలితంగా 1965లో, ఆ సంఘటన జరిగిన పాతికేళ్లకు, 43 పడవలు మళ్లీ డంకర్క్ వెళ్లాయి. మరుసటి ఏడాది యజమానుల సంఘం ఏర్పడింది. అప్పటి నుంచి అయిదేళ్లకోసారి సముద్రం దాటి వెళ్లడం ఆనవాయితీ.

సంఘంలో సభ్యుడు కావడం గౌరవమే కానీ, ఏనుగును కొనడం కన్నా మేపడమే కష్టమన్నట్టు ఉంటుంది ఆ గౌరవం. కొయ్య పడవకు నది నీటి కన్నా వాన నీరే పెద్ద శత్రువు. డెక్కు పగుళ్లలోంచి దిగిన చుక్క గాలి ఆడని మూలకు చేరి ఓక్ దూలాలను లోలోపల కుళ్లబెడుతుంది. ఇనుప మేకులు తుప్పు పట్టి చుట్టూ ఉన్న చెక్కను కూడా తినేస్తాయి. పోనీ భద్రంగా ఒడ్డున ఎండలో పెడదామంటే పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. అలాంటి పడవను తిరిగి నీళ్లలోకి దించితే మొదటి కొన్ని రోజులూ లోపలికి నీరు కారుతూనే ఉంటుంది. చెక్క నీరు తాగి ఉబ్బి సందులు వాటంతటవే మూసుకునే దాకా పంపు పెట్టి తోడుతూ కూర్చోవాలి. ఏటా చలికాలం గీకడం, నూనె పట్టించడం, పొర మీద పొరగా వార్నిష్ వేయడం తప్పదు. పలకల సందుల్లో నార దట్టించడం, ఆవిరి పట్టి పలకను విల్లులా వంచడం తెలిసిన వడ్రంగులు నానాటికీ తగ్గిపోతున్నారు. కాబట్టి చాలామంది యజమానులు సగం వడ్రంగం తామే నేర్చుకుంటారు. పడవ కొన్ననాడు పెట్టిన డబ్బు మొదటి వాయిదా మాత్రమేనని వాళ్లకు త్వరలోనే తెలిసొస్తుంది.

దీంతో పాటు ఓ చిక్కు ప్రశ్న కూడా వాళ్లను వెంటాడుతుంది. పాడైన పలకలు ఒక్కొక్కటే మారుస్తూ పోతే చివరికి మిగిలేది 1940 నాటి పడవేనా? ఇంజన్లు ఎప్పుడో మారిపోయాయి. డెక్కు మారింది, వాసాలు మారాయి. బ్రిటన్‌లో చారిత్రక నౌకల జాతీయ జాబితాకు ఎక్కాలంటే 50 ఏళ్ల వయసు, 33 అడుగులకు మించిన పొడవు ఉండాలి. పాత భాగం ఎంత మిగిలిందన్నది కూడా ముఖ్యమే. మ్యూజియంలో పెట్టేస్తే ఈ గొడవ ఉండదనిపిస్తుంది. డంకర్క్ వెళ్లిన పడవలన్నింటిలోకీ అతి చిన్నదైన ‘టామ్‌జిన్’ అలాగే చేరింది. పదిహేను అడుగులైనా లేని ఆ చేపల పడవ లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సొత్తు. కానీ నీటికి దూరమైన పెద్ద కొయ్య పడవ ఎండిపోతుంది, దాన్ని దాచడానికి చోటూ డబ్బూ కావాలి. మ్యూజియాలకూ గ్యారంటీ లేదు. హెన్లీలో 1998లో తెరిచిన నది, తెడ్ల పడవల మ్యూజియం ఖర్చులు భరించలేక 2025 సెప్టెంబరులో మూతపడింది. నీటి మీద తిరిగే పడవలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

వాటి ఎనభై అయిదో వార్షికోత్సవ యాత్ర 2025 మే 21న రామ్స్‌గేట్ నుంచి మొదలైంది. అరవైకి పైగా పడవలు బారులు తీరాయి. నది కోసం చేసిన ఈ ముసలి పడవలు సముద్రం దాటాలంటే వాతావరణం దయ తలచాలి, పక్కన రక్షక పడవలు ఉండాలి. 1965లో నాటి సైనికులు ఇంకా నడివయసువారే. ఇప్పుడు వాళ్లు దాదాపు లేనట్టే. ఆ తొమ్మిది రోజులకు కళ్లెదుట కదిలే సాక్ష్యంగా ఈ పడవలే మిగిలాయి. క్రిస్టొఫర్ నోలన్ 2017లో ‘డంకర్క్’ సినిమా తీసినప్పుడు వీటిలో కొన్ని అసలు పడవలే తెర మీద కనిపించాయి.

ఆ సినిమా చూసిన భారతీయులు మాత్రం ఒక లోటు ఎత్తిచూపారు. డంకర్క్‌లో భారత సైనికులు కూడా ఉన్నారు, తెర మీద లేరు. మోటారు వాహనాల మోజులో పడి జంతువులతో సరకు మోయించడం మానేసిన బ్రిటిష్ సైన్యం ఫ్రాన్స్ చలికాలపు బురదలో కంచర గాడిదల కోసం భారత్ వైపు చూసింది. ‘ఫోర్స్ కె6’ పేరుతో నాలుగు కంపెనీలు 1939 డిసెంబరు 26న మార్సే రేవులో దిగాయి. ఎక్కువమంది పంజాబీ ముస్లింలు. డంకర్క్‌లో జంతువులను వదిలేసి రావాల్సి వచ్చింది. మేజర్ మొహమ్మద్ అక్బర్ ఖాన్ సుమారు 300 మంది భారతీయులను బాంబుల మధ్య రేవు గట్టు మీదుగా క్రమం తప్పకుండా నడిపించి ఓడ ఎక్కించారు. తర్వాత ఆయన పాకిస్థాన్ సైన్యంలో జనరల్ అయ్యారు. జమాదార్ మౌలాదాద్ ఖాన్‌కు అక్కడి సాహసానికి గాను పతకం దక్కింది. ఒక కంపెనీ మాత్రం ఫ్రాన్స్‌లోనే జర్మన్లకు పట్టుబడింది.

ఈ కథ ఇన్నాళ్లూ మరుగున పడటానికి కారణాలు చాలా. సామ్రాజ్యం ముగిసింది, సైనికుల ఊళ్లు ఎక్కువగా మరో దేశంలో భాగమయ్యాయి. బ్రిటిష్ వాళ్లకూ భారతీయులకూ పాకిస్థానీలకూ ఎవరికీ పూర్తిగా సొంతం కాని చరిత్ర అది. పడవలకు ఉన్నట్టు దానికి ఇత్తడి రేకు లేదు, ఏటా వార్నిష్ వేసే యజమాని లేడు. స్కాట్లండ్ కొండల్లో కింగుస్సీ అనే ఊరి శ్మశానంలో కె6 సైనికుల సమాధులు తొమ్మిది ఉన్నాయి. స్థానికులు వాటిని శుభ్రం చేస్తూ వచ్చారు కాబట్టి అక్కడ మాత్రం ఆ పేర్లు మిగిలాయి. 2020లో చరిత్రకారుడు ఘీ బౌమన్ పుస్తకం రాశాక ఈ దళం గురించి బ్రిటన్‌లోనూ మాట్లాడుకోవడం మొదలైంది.

లండన్ వెళ్లే భారతీయ పర్యాటకులు టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటో దిగి థేమ్స్‌ను చూసేశామనుకుంటారు. వాటర్లూ స్టేషన్ నుంచి లోకల్ రైలెక్కి టెడింగ్టన్‌లో దిగితే అసలు థేమ్స్ కనిపిస్తుంది. లాకు పక్కన కాలిబాట మీద నిలబడితే వేసవి వారాంతాల్లో ఏదో ఒక కొయ్య క్రూజర్ తలుపులు తెరుచుకునేదాకా ఓపికగా ఆగి కనిపించవచ్చు. చుక్కాని గది పక్కన ఇత్తడి రేకు ఉందేమో చూడాలి. ఉంటే యజమానిని పలకరించవచ్చు, కథ చెప్పడానికి వాళ్లెవరూ బద్ధకించరు. అయిదేళ్ల ఆనవాయితీ ప్రకారం తర్వాతి డంకర్క్ యాత్ర 2030లో. ఆ పడవల్లో అన్నిటికన్నా చిన్నదాని వయసు కూడా అప్పటికి తొంభై నిండుతుంది. ఈలోగా మార్చాల్సిన పలకలు చాలానే ఉన్నాయి.