కొసరు లేని ఊరు

సర్కారు లెక్కలో ఈ దేశంలో ఊళ్లు మూడే రకాలు: ఎక్స్, వై, జెడ్. జనాభా యాభై లక్షలు దాటితే ఎక్స్, ఐదు లక్షలు దాటితే వై, మిగిలినవన్నీ జెడ్. నన్నయ కూర్చుని భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టిన మా రాజమండ్రి జెడ్డు. బెంగళూరు ఎక్సు. కేంద్ర ఉద్యోగికి 2024 జనవరి నుంచి ఇంటద్దె భత్యం జెడ్ ఊళ్లో మూలవేతనం మీద 10 శాతం, ఎక్స్ ఊళ్లో 30 శాతం. బదిలీ కాగితం చేతికందగానే మా ఇంట్లో అందరూ కట్టిన మొదటి లెక్క ఇదే. మూలవేతనం అరవై వేలనుకోండి, ఆరు వేలొచ్చే చోట పద్దెనిమిది వేలు! ఆ పూట మా ఇంట్లో సేమ్యా పాయసం కూడా ఉడికింది.

పాయసం అరిగేలోపే ఇల్లు వెతుక్కోవడం మొదలైంది. రాజమండ్రిలో తొమ్మిది వేలకి ఉన్న రెండు పడగ్గదుల వాటాకి బెంగళూరు రామమూర్తినగర్‌లో పాతిక వేలు. అంటే భత్యం పన్నెండు వేలు పెరిగితే అద్దె పదహారు వేలు పెరిగింది. అదైనా నెలనెలా పోయే డబ్బు, కనిపిస్తూ ఉంటుంది. అసలు దెబ్బ అడ్వాన్సు. ఒకప్పుడు పది నెలల అద్దె ముందే పుచ్చుకునేవారట. ఇప్పుడు చాలాచోట్ల ఐదారు నెలలకి దిగారని, అదేదో పండగ తగ్గింపులా చెబుతారు. 2021లో కేంద్రం రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో, కాపురానికిచ్చే ఇంటికి రెండు నెలల అద్దెకి మించి అడ్వాన్సు కూడదని ఉంది. మా ఓనరు గారు పాతకాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువారు, మర్యాదస్తులు. ఆయన దగ్గర ఆ మాట ఎత్తితే చిరునవ్వు నవ్వి, "అది ఢిల్లీలో సార్. ఇది రామమూర్తినగరు" అన్నారు.

ఇంకా ఉంది. బ్రోకరుకి ఒక నెల అద్దె. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించడానికని అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె పట్టుకోవడం. మనం గోడకి మేకు కొట్టినా కొట్టకపోయినా ఒకటే. ఒప్పందం పదకొండు నెలలకే. ఏడాదికి మించి రాసుకుంటే రిజిస్ట్రేషను చేయించి తీరాలని 1908 నాటి చట్టం చెబుతుంది కాబట్టి, దేశమంతా పన్నెండో నెలని వదిలేసి కాపురాలు చేస్తోంది.

నీళ్ల సంగతి గోదావరి జిల్లా మనిషిగా కొంచెం బాధతోనే రాయాలి. మా ఊళ్లో నీళ్లకి లెక్క ఉంటుందని ఎవరికీ తోచదు. వేసవిలో కూడా రేవు మెట్ల కింద ఏరు కనిపిస్తూనే ఉంటుంది. బెంగళూరు ఉన్నది పీఠభూమి నెత్తిన. కావేరిని దాదాపు వంద కిలోమీటర్ల అవతలి నుంచి, సుమారు అర కిలోమీటరు ఎత్తుకి తోడి తెస్తారు. అందుకే ఇక్కడ టులెట్ కబుర్లలో పడగ్గదుల కన్నా ముందు వచ్చే మాట "కావేరి ఉందా, బోరా?" కావేరి ఉన్న ఇంటికి అద్దె ఒక మెట్టు పైన. బోరు ఇంటికి అద్దె తక్కువ, ట్యాంకరు ఖర్చు ఎక్కువ. మేం రాకముందు 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల వాళ్లు నోటికొచ్చిన రేటు చెబుతుంటే, ఐదు కిలోమీటర్ల లోపు ఆరు వేల లీటర్లకి 600 రూపాయలని జిల్లా యంత్రాంగం ధర కట్టాల్సి వచ్చింది. మా ఆవిడ ఇప్పుడు బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు కుండీకి, బట్టలు జాడించిన నీళ్లు మెట్లకి పోస్తోంది. అత్తగారు బతికుండగా ఇదే పని చేస్తే "పిసినారితనం" అనేది. ఇప్పుడు మేడ మీదివాళ్లకి కూడా నేర్పుతోంది.

ఇక కూరలూ వెచ్చాలూ. వీటి గురించి జనం భయపెట్టినంత లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పాలు నిజానికి చవక. నందిని పాలకి 2025 ఏప్రిల్‌లో లీటరుకి నాలుగు రూపాయలు పెంచినప్పుడు ఇక్కడివాళ్లు గగ్గోలు పెట్టారు కానీ, పెంచాక కూడా అది మన వైపు డెయిరీ పాల కన్నా తక్కువే. కోలారు, చింతామణి వైపు నుంచి టమాటా లారీలు రాత్రికి రాత్రే వచ్చి పడతాయి. 1959 నుంచీ ఉన్న హాప్‌కామ్స్ సహకార కొట్లలో పలక మీద ధర రాసే ఉంటుంది, బేరంతో పనిలేదు. మరి జీతం ఇరవయ్యో తారీఖుకే ఎందుకు నీరసిస్తోంది?

కొన్ని నెలలు చిట్టా రాశాక నాకు తోచిన సంగతి ఇది. పెరిగిన ధరలు పెద్ద పద్దు కాదు. రాజమండ్రిలో అసలు పద్దులోకే రాని వాటికి ఇక్కడ ధర ఉంది. ఉదాహరణకి ఫ్యాను. మా పాత వీధిలో ఫ్యాను ఆగిపోతే కరెంటు పనిచేసే కుర్రాడు సాయంత్రం ఇంటికి పోతూ ఆగేవాడు. స్టూలెక్కి కెపాసిటరు మార్చి, దాని ఖరీదు మటుకు పుచ్చుకుని, టీ తాగి వెళ్లేవాడు. ఇక్కడ ఫోన్లో బుక్ చేస్తే యూనిఫాం తొడుక్కున్న కుర్రాడొచ్చి, బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, తల ఎత్తి ఫ్యాను వంక చూశాడు. ఆ చూసినందుకు 199 రూపాయలు. విజిటింగ్ చార్జీ. విప్పితే వేరే, మారిస్తే వేరే. కుర్రాడి తప్పేం లేదు, పాపం ఎంతో వినయంగా మాట్లాడాడు. మేమెవరో అతనికి తెలియదు, అతనెవరో మాకు తెలియదు. ఆ తెలియకపోవడానికి కట్టిన రుసుము అది.

ఆ కళ్లజోడుతో చూస్తే చిట్టా అంతా అదే. పక్కింటి మునక్కాడలు, పెరటి కరివేపాకు, రెండోసారి వెళితే ఫీజు పుచ్చుకోని డాక్టరు గారు, "ఫీజు వచ్చే నెల కట్టండి, ఏం ఫరవాలేదు" అనే స్కూలు గుమాస్తా, తూకం అయ్యాక మరో గుప్పెడు చిక్కుళ్లు విసిరే బజారు మనిషి, నెలాఖరుదాకా అడగని పచారీ కొట్టు పద్దు పుస్తకం. వీటిలో ఏ ఒక్కదానికీ భత్యం ఇచ్చే సర్కారు లేదు. పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్‌లో కరివేపాకు కూడా ప్యాకెట్టే, దాని మీద ధరా ఉంటుంది. కొసరు వేసే చెయ్యి దానికి లేదు.

తిరగడానికయ్యే ఖర్చులో మా ఆవిడది విచిత్రమైన పరిస్థితి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం, కానీ ఇక్కడి చిరునామా ఉన్న కార్డు చూపించాలి. ఆవిడ ఆధార్‌లో రాజమండ్రి ఉంది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అక్కడా ఉచితం చేశారు. కార్డు అక్కడిది, మనిషి ఇక్కడ. చిరునామా మార్చుకోవే అంటే, "రెండేళ్లలో మళ్లీ బదిలీ అంటారు, అప్పుడు మళ్లీ మార్చాలి. ఆ ఊరి పేరు నా కార్డు మీద ఉండనీయండి" అంది. ఆ మాటకి టిక్కెట్టు ఖరీదు కట్టి చూడలేం కదా. నేను మెట్రో ఎక్కడం తగ్గించాను. 2025 ఫిబ్రవరిలో దాని గరిష్ఠ చార్జీ 60 నుంచి 90కి పోయింది. ఆగస్టు నుంచి ఆటో ఎక్కి కూర్చుంటే మీటరు 36తో మొదలు, అదీ మీటరు వేస్తే. సిటీ బస్సు నెల పాసు తీసుకుని కిటికీ పక్కన సీటు పట్టడం అలవాటు చేసుకున్నాను.

ఈ ఊరికి తనదైన పొదుపు ఒకటుంది, అది నాకు బాగా నచ్చింది. నిలబడి తినే దర్శిని హోటళ్లలో ఇద్దరు కలిసి ఒక కాఫీ చెప్పొచ్చు. "బై టూ" అంటే చాలు, ఎవరూ మొహం చిట్లించరు. సూటూ బూటూ వేసుకున్నవాళ్లూ బై టూనే. మా వైపు హోటల్లో ఒక కాఫీని ఇద్దరం పంచుకుంటామంటే సర్వరు మన వంశచరిత్ర గురించి ఆలోచిస్తాడు. పైగా నేను గమనించి చూశాను: రెండు గ్లాసుల్లో పోసింది కలిపితే ఒక కాఫీ కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. కొసరు ఈ ఊళ్లోనూ ఉందని మొదట అక్కడే అనుమానం కలిగింది.

అనుమానం తీరింది 2025 జూలైలో. ఫోన్లలో పడ్డ డబ్బుల లెక్క తీసి కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ వేలమంది చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు పంపింది. నలభై లక్షలు దాటిన అమ్మకానికి రిజిస్ట్రేషను ఏదీ అని. కూరగాయలకి పన్నే లేదు, అయినా భయం భయమే. రాత్రికి రాత్రి తోపుడుబండ్ల మీద క్యూఆర్ బొమ్మలు మాయమై, "నగదు మాత్రమే" అట్టలు వేలాడాయి. మా వీధి చివర కూరలమ్మే ఆవిడది బాగేపల్లి వైపు. కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. అంతవరకూ మాకూ ఆవిడకీ మధ్య మాటలే లేవు. స్కాన్ చేయడం, పెట్టెలోంచి ఒక గొంతు అంకె చదవడం, వెళ్లిపోవడం, అంతే. ఆ రోజు మా ఆవిడ పర్సులో ఒక్క నోటూ లేదు. తూచిన వంకాయలు తిరిగి బుట్టలో పోయబోతుంటే కూరలావిడ చెయ్యి అడ్డం పెట్టింది. "తీసకపోమ్మా. రేపిద్దువులే. యాడికి పోతావు?"

మర్నాడు ఇవ్వడానికి వెళితే ఆవిడ దగ్గర చిల్లర లేదు. ఈసారి బాకీ అటు. అలా ఇటోసారీ అటోసారీ తిరిగి, కొన్ని వారాల్లో మా వంటింటి క్యాలెండరు మీద పెన్సిల్‌తో ఒక పద్దు పుట్టింది. దాంతోపాటు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కాడలు, ఎవరింట్లో పనిమనిషి ఎంత తీసుకుంటుందో, ఏ సందులో కుర్రాడు మిక్సీ బాగుచేస్తాడో, అవీ వచ్చాయి. క్యూఆర్ బొమ్మ తర్వాత మళ్లీ ఎక్కింది గానీ పద్దు మటుకు ఆగలేదు. ఆ మిక్సీ కుర్రాడే ఫ్యానుకి కూడా వస్తాడు. చూసినందుకేం తీసుకోడు.

మొన్న ఒప్పందం పదకొండు నెలలూ నిండవచ్చాయి. ఓనరు గారు 5 శాతం పెంపు అని వాట్సాప్‌లో మర్యాదగా పెట్టారు. అంటే 26,250. సరిగ్గా అదే వారం బ్రోకరు ఫోను చేశాడు: రెండు కిలోమీటర్ల అవతల ఇలాంటిదే ఇల్లు, 23,000. నాకు ఆశ పుట్టింది. మా ఆవిడ క్యాలెండరు వెనక్కి తిప్పి పెన్సిలు నా చేతికిచ్చింది, "లెక్క వేయండి" అని. నెలకి మిగిలేది 3,250. పోయేది బ్రోకరుకి 23,000, ఇక్కడ రంగులకి 25,000, సామాను బండికి తక్కువలో తక్కువ 8,000. మొత్తం 56,000. అది రాబట్టడానికి పదిహేడు నెలలు దాటాలి, ఒప్పందమేమో పదకొండు నెలలకే. "ఇందులో బాగేపల్లామెని వేయలేదు మీరు" అంది. ఏ పద్దులో వేయాలో తెలియక ఊరుకున్నాను.

ఓనరు గారికి మూడు శాతం చేయండని మెసేజి పెట్టాను. నాలుగు దగ్గర ఆగారు.