అటక మీద పుట్టే వైన్

విదేశాల్లో ఉంటూ వైన్ అలవాటు చేసుకున్న తెలుగువాళ్లం సీసా కొనేటప్పుడు సాధారణంగా రెండు అంకెలు చూస్తాం. ఒకటి ధర, రెండోది ఆల్కహాల్ శాతం. ఈ రెండూ ఎక్కువగానే ఉండే ఇటలీ ఎర్ర వైన్ అమరోనె. మామూలు ఎర్ర వైన్‌లో ఆల్కహాల్ 13 శాతం చుట్టుపక్కల ఉంటే, ఇందులో తరచుగా 15, కొన్నిసార్లు 16 శాతం కూడా దాటుతుంది. దాంతో మనవాళ్ల విందుల్లో దీనికి ‘గట్టి సరుకు’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు ఈ వైన్‌కు న్యాయం చేయదని నా అభిప్రాయం. ఆ ఘాటు దారిలో వచ్చి చేరిందే. కోసిన ద్రాక్షను వెంటనే పిండకుండా మూడు నెలలకు పైగా ఆగడంలో దీని అసలు విలువ ఉంది. అమరోనెకు చెల్లించే డబ్బులో పెద్ద భాగం ఆ ఆగడానికే పోతుంది.

ఇటలీ ఈశాన్యాన, వెరోనా నగరానికి ఉత్తరంగా ఉన్న వల్పొలిచెల్లా కొండలు దీని సొంత ఊరు. కొర్వీనా, కొర్వినోనె, రొండినెల్లా అనే అక్కడి ద్రాక్ష రకాలతో దీన్ని చేస్తారు. శరదృతువులో కోత మొదలైనప్పుడు గింజలు ఒత్తుగా లేని, గాలి ఆడే గుత్తులను విడిగా ఏరుతారు. వాటిని అటకల మీద వెదురు తడికల్లోనో, పెట్టెల్లోనో ఒకే వరుసగా పరుస్తారు. మనం ఒరుగులు ఎండబెట్టినట్టు నడి ఎండలో పడేయరు. నీడలో, చలికాలపు గాలికి నెమ్మదిగా ఆరనిస్తారు. ద్రాక్ష బరువులో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, నీటి రూపంలో పోతుంది. ఇలా వాడిపోతున్నా గింజ లోపల జీవక్రియ ఆగిపోదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది, ఆ క్రమంలో కొంత ఆమ్లాన్ని ఖర్చు చేసుకుంటుంది. వెరోనా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆరుతున్న కొర్వీనా గింజల్లో జన్యువుల పనితీరును పరిశీలించారు. నీటి కొరతకు స్పందించే జన్యువులు, రెస్వెరట్రాల్ వంటి పదార్థాలను తయారుచేసే జన్యువులు అప్పుడు చురుకవుతాయని తేలింది. అంటే అటక మీద జరిగేది చక్కెర చిక్కబడటం ఒక్కటే కాదు. తోటలో ఉన్నప్పుడు లేని లక్షణాలు గింజకు అక్కడ కొత్తగా వస్తాయి.

దీన్ని కొందరు ఒప్పుకోరు. తీగ మీద సరిగా పండని ద్రాక్షకు చల్లటి ప్రాంతం వాళ్లు కనిపెట్టిన చిట్కా ఇది అంటారు. నేల రుచి, తోట రుచి అటక మీద చెరిగిపోయి అన్నిటికీ ఒకే ఎండుద్రాక్ష వాసన వస్తుందంటారు. వేసవులు వేడెక్కి తీగ మీదే చక్కెర దండిగా పడుతున్న ఈ రోజుల్లో ఆరబెట్టే పనే అక్కర్లేదన్నది దీనికి కొనసాగింపు. కావలసింది చక్కెర మాత్రమే అయితే ఈ వాదనకు ఎదురు చెప్పలేం. కానీ ఒక్క చక్కెర కోసం ఇంత శ్రమ ఎవరూ పడరు, దానికి ఎండ చాలు. సిసిలీకి నైరుతిన ఉన్న పాంతెలెరియా దీవిలో జిబిబ్బొ ద్రాక్షను ఎండలోనే ఎండబెట్టి తియ్యటి వైన్ చేస్తారు, అది వేరే రుచి. వెరోనా వాళ్లు చలిని, నీడను, ఆలస్యాన్ని కావాలనే ఎంచుకున్నారు. ఆరో శతాబ్దంలో గోతు రాజుల కొలువులో మంత్రిగా ఉన్న కస్సియొదోరుస్ వెరోనా ప్రాంతపు వైన్ గురించి రాసిన లేఖలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. శరత్తులో కోసిన ద్రాక్షను ఇంట్లో వేలాడదీసి చలికాలం దాకా ఉంచడాన్ని ఆయన వర్ణించాడు. ఇక వేడెక్కిన వేసవుల సంగతికి వస్తే, త్వరగా కోసి, తక్కువ కాలం ఆరబెట్టడం దానికి విరుగుడు. పద్ధతినే వదిలేయనవసరం లేదు.

ఘాటు ఉద్దేశపూర్వకం కాదనడానికి చరిత్రే సాక్ష్యం. వల్పొలిచెల్లాలో శతాబ్దాలుగా పేరున్నది రెచొతో అనే తియ్యటి వైన్. ఆరిన ద్రాక్ష రసాన్ని చక్కెర పూర్తిగా పులియకముందే ఆపితే రెచొతో, ఆపకుండా చివరిదాకా పులియనిస్తే తీపి పోయి అమరోనె. 1930లలో ఒక పీపాలో రెచొతో అలా చేయి దాటిపోవడం వల్లే ఇది పుట్టిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ ఎంతవరకు నిజమైనా, అమరోనెకు మార్కెట్లో గట్టి స్థానం వచ్చింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలోనే. 1968లో చట్టపరమైన గుర్తింపు, 2010లో ఇటలీ ఇచ్చే అత్యున్నత శ్రేణి డీఓసీజీ దక్కాయి. ఇప్పటి నిబంధనలు కూడా ఓపికనే కొలుస్తాయి. డిసెంబర్ 1కి ముందు ద్రాక్ష పిండకూడదు. కోత తర్వాతి జనవరి 1 నుంచి కనీసం రెండేళ్లు, రిజర్వా అని రాసుకోవాలంటే కోత ఏడాది నవంబర్ 1 నుంచి నాలుగేళ్లు నిల్వ ఉంచాలి. వంద కిలోల తాజా ద్రాక్ష నుంచి నలభై లీటర్లకు మించి వైన్ తీయకూడదు. మామూలు వైన్‌లో అది డెబ్బై దాకా ఉండొచ్చు. ధర ఎందుకంత అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

ఇప్పుడు అటకల బదులు ఫ్యాన్లు, తేమ తగ్గించే యంత్రాలున్న గోదాములు వచ్చాయి కదా, ఇక సంప్రదాయం ఎక్కడుందని మరో ఆక్షేపణ. వాన, పొగమంచు ఉన్న శరత్తులో ఆ గుత్తులకు అతి పెద్ద శత్రువు బూజు. దాన్ని అడ్డుకోవడానికి గాలి ఆడించడం మోసం అనిపించుకోదు. యంత్రాలు సంప్రదాయ పద్ధతిలో ఉండే ఉష్ణోగ్రతల్లోనే పనిచేయాలని, వేడితో తేమ లాగే ఏర్పాటు పనికిరాదని నిబంధనలే చెబుతున్నాయి. అభ్యంతరం చెప్పాల్సింది తొందర మీద. పేరుకు గిరాకీ పెరిగాక పలచటి, జామ్‌లా తియ్యగా ఉండే చౌక అమరోనెలు కూడా సూపర్ మార్కెట్ల అరల్లో చేరాయన్నది నిజం. కానీ నాసిరకం సీసాలు పద్ధతిని పాటించనివాళ్ల మీద సాక్ష్యమే తప్ప పద్ధతి మీద కాదు.

మన భోజనం సంగతి కూడా చెప్పాలి. ఎక్కువ ఆల్కహాల్ కారం మంటను పెంచుతుంది. గుంటూరు మిరపకాయ పడిన మటన్ కూరతో అమరోనె పోస్తే రెండూ పాడవుతాయి. రెస్వెరట్రాల్ ఉంది కాబట్టి గుండెకు మంచిదన్న వాట్సాప్ ప్రచారాన్నీ నమ్మొద్దు. సీసాలో దానికన్నా ఆల్కహాలే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి తాగే అలవాటున్నవాళ్లకు నా సలహా ఇది. రోజువారీ భోజనానికి తేలికైన మామూలు వల్పొలిచెల్లా వైన్ చాలు. కొంచెం బరువు కావాలనుకుంటే, అమరోనె పిప్పి మీద రెండోసారి పులియబెట్టిన రిపాస్సో సగం ధరకే దొరుకుతుంది. అమరోనె కొంటే మంచి ఉత్పత్తిదారుది ఒక్కటి కొనండి, ఐదారుగురు పంచుకోండి, పాతబడిన గట్టి చీజ్‌తో నెమ్మదిగా తాగండి. మత్తు కోసమే అయితే మాత్రం దాని మీద డబ్బు తగలేయకండి, అంతకన్నా చౌకవి చాలా ఉన్నాయి.