పట్టూ విడుపూ

మా కారుకి పదమూడేళ్ళు, మా అమ్మాయికి పందొమ్మిది. లైసెన్సు చేతికొచ్చిన దగ్గర్నుంచీ కాలేజీకి కార్లో తనే వెళ్తానని దాని గొడవ. స్కూటీ మీద వెళ్ళినన్నాళ్ళూ పడని భయం, కారు తాళాలు అడిగేసరికి పట్టుకుంది నన్ను. మావారు "మీరూ మీరూ తేల్చుకోండి" అని పేపర్లో తల దూర్చేశారు.

సరిగ్గా అప్పుడే కారు ఎడమ పక్కకి లాగడం మొదలుపెట్టింది. బజారుకెళ్ళొచ్చి దిగితే ముందు ఎడమ చక్రం దగ్గర కమురు వాసన. ఒక షెడ్డులో చూపిస్తే అలైన్‌మెంటు చేసి పంపారు. ఏమీ మారలేదు. విజయవాడ ఆటోనగర్లో పని నేర్చుకున్న మా తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, ఆ చక్రం ముట్టుకోకు, చెయ్యి కాలుద్ది. కాలిపర్ పట్టేసినట్టుంది. ఆదివారం వస్తా, అందాకా బండి తియ్యొద్దు" అన్నాడు.

వచ్చాడు. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టకూడదట. చక్రం తీశాక నాకూ అర్థమయ్యేలా చెప్పాడు.

చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు పక్కలా ప్యాడ్లు నొక్కితే కారు ఆగుతుంది. ఆ ప్యాడ్లని నొక్కే పిడికిలి కాలిపర్. అందులో చిన్న గ్లాసు లాంటి పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి అది ముందుకొస్తుంది. మా కారులో దాని మీది రబ్బరు తొడుగు చిరిగి, నీళ్ళూ మట్టీ చేరి పిస్టన్ తుప్పు పట్టింది. ముందుకు రావడమే గాని వెనక్కి పోవడం లేదు. కాలు తీసినా బ్రేకు పడే ఉంటోందన్నమాట!

"మరి వెనక్కి లాగే స్ప్రింగు ఏదిరా?" అన్నాను.

"స్ప్రింగు లేదక్కా, ఇదే" అంటూ లోపలి సీల్‌ని, గీత పడకుండా చెక్కపుల్లతో తీసి చూపించాడు. అచ్చం మన కుక్కర్ గాస్కెట్‌కి చెల్లెలు. పిస్టన్ ముందుకొస్తే ఆ రబ్బరు కాస్త మెలిపడుతుంది. కాలు తీయగానే తన ఆకారానికి తిరిగొస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి లాక్కుంటుంది. పట్టు ఎంత గట్టిదైనా, ఆ కాస్త విడుపు లేకపోతే చక్రం కాలిపోతుంది.

పిస్టన్, సీళ్ళు, తొడుగులు కొత్తవి వేశాడు. పెట్రోలూ మామూలు గ్రీజూ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుందట. అందుకే సీల్‌కి కొత్త బ్రేక్ ఆయిలే రాసి, పిస్టన్‌ని చేత్తో నిదానంగా నొక్కాడు. కుడివైపుదీ విప్పి అలాగే చేశాడు.

చివర్లో పైపుల్లో గాలి తీసే పని. దానికి ముగ్గురం కావాలి. అమ్మాయి డ్రైవర్ సీట్లో, వాడు చక్రం దగ్గర, నేను బానెట్ కింద డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ.

"తొక్కమ్మా... అలాగే పట్టుకో. నేను చెప్పేదాకా వదలొద్దు."

వాడు నిపుల్ వదులు చేయగానే ప్లాస్టిక్ గొట్టంలోంచి బుడగలు. బిగించాక "ఇప్పుడు వదులు." మధ్యలో కాలు తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. ఎన్నిసార్లు తొక్కించాడో! ఒక్కసారి కూడా అది తొందరపడి కాలు తియ్యలేదు. నేను ఆయిల్ కన్నా దాని మొహమే ఎక్కువ చూశాను.

బుడగలు ఆగాయి, పెడల్ గట్టిపడింది. ఖాళీ రోడ్డు మీద మేనమామని పక్కన కూర్చోబెట్టుకుని నెమ్మదిగా తిప్పి, రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూసుకుని వచ్చింది. కారు తిన్నగా ఆగుతోంది.

మీ బండి ఒక పక్కకి లాగినా, ఒక చక్రమే వేడెక్కినా వాయిదా వెయ్యకండి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్ళకోసారి మార్పించండి. అది పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి. ముఖ్యంగా, షెడ్డులో దూరంగా కుర్చీలో కూర్చోకండి. దగ్గర నిలబడి అడగండి. చెప్పేవాళ్ళు చెబుతారు.

సోమవారం పొద్దున తాళాలు నేనే ఇచ్చాను. "చేరాక ఒక్క మెసేజ్ పెట్టు" అన్నాను. అంతకు మించి ఒక్క జాగ్రత్తా చెప్పలేదు.