ఇంటి సామాను ఓడ ఎక్కే వేళ: తిరుపతి నుంచి మద్రాసు రేవు దాకా

[దృశ్యం: తెల్లవారుజాము. కపిలతీర్థం దారిలో ఒక అపార్ట్‌మెంటు. కింద మూతవేసిన లారీ.]

ఇంకా ఐదు కాలేదు. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మే నెల కదా, అందుకే ఇంత పొద్దున్నే లారీ ఎక్కించడం మొదలుపెట్టారు. పది దాటిందంటే ఈ ఎండకు అట్టపెట్టెల టేపు కూడా ఊడొస్తుంది, ఇక మోసే మనుషుల సంగతి చెప్పనక్కర్లేదు.

మూడో అంతస్తులో అక్కవాళ్లు న్యూజెర్సీకి వెళ్లిపోతున్నారు. బావగారు మార్చిలోనే వెళ్లారు. అక్క, పిల్లలు జూన్ నెలాఖరుకు విమానం ఎక్కుతారు. ఈరోజు వాళ్ల సామాను మద్రాసు రేవుకు పోతోంది, మనమూ లారీ వెనకే వెళ్తున్నాం. దారిలో చాలా విషయాలు వస్తాయి గానీ, నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. సామాను పంపే రోజును విమానం టికెట్టు చూసి పెట్టుకోకండి. అక్కడ ఇంటి తాళంచెవి చేతికొచ్చే రోజు చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకోండి.

బావగారికి అక్కడ ఇల్లు ఆగస్టు ఒకటి నుంచి. మద్రాసులో ఓడ ఎక్కిన సామాను అమెరికా తూర్పు తీరంలో ఇంటి గుమ్మం దాకా చేరడానికి రెండు నుంచి మూడు నెలలు వేసుకోవాలి. చాలా పెట్టెలు నేరుగా పోవు. కొలంబోలోనో సింగపూర్‌లోనో దిగి, ఇంకో పెద్ద ఓడ కోసం కాచుకుంటాయి. 2023 చివర్లో ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక, సూయజ్ కాలువ దారి వదిలి ఆఫ్రికా కింది నుంచి, గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లిన ఓడలకు పది రోజుల నుంచి రెండు వారాలు అదనంగా పట్టింది. 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో ఓడ గుద్దుకుని వంతెన కూలినప్పుడు ఆ రేవు దారి పూర్తిగా తెరుచుకునేసరికి జూన్ వచ్చింది. ఇలాంటివి ఎవరి చేతిలోనూ లేవు. మన చేతిలో ఉన్నది ముందుగా లెక్కేసుకోవడమే. మూడు నెలల ముందే రూ.300 దర్శనం టికెట్టు బుక్ చేసుకునే ఊరు మనది, ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు.

ఆలస్యమైతే నేల మీద పరుపు లేకుండా పడుకుంటారు, అంతే. మరీ ముందు చేరితేనే అసలు చిక్కు. రేవులో ఉచితంగా ఉంచే రోజులు కొన్నే. అవి దాటితే రోజువారీ అద్దె పడుతుంది. సామాను యజమాని ఆ దేశంలో ఉండాలి, చిరునామా ఉండాలి, వీసా కాగితం చూపాలి. ఇవేవీ లేకుండా పెట్టె ముందే దిగితే, సామాను విలువ కంటే అద్దె పెరిగిపోయిన ఇళ్లూ ఉన్నాయి. వీసా స్టాంపింగ్ కాకముందే లారీ పిలిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. దయచేసి అంత తొందర వద్దు.

అందుకే అక్కవాళ్ల పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకరు ముందు వెళ్లి ఇల్లు చూశారు. ఒకరు ఇక్కడ ఆగి ఇల్లు సర్దారు. "బడి మూసేదాకా ఏమీ కదిలించకూడదని అనుకున్నాము నాయనా. బిడ్డలు పరీక్షలు రాస్తా ఉంటే ఇంట్లో పెట్టెలు కట్టుకుంటామా?" అంది అక్క. మన దగ్గర ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులు ఇస్తారు. అమెరికాలో బడులు ఆగస్టు, సెప్టెంబరులో తెరుస్తారు. మధ్యలో దొరికే ఈ మే నెలే సామాను కదిలించడానికి సరైన అదను.

అదనైతే ఉంది గానీ, తిరుపతిలో మే అంటే గంగమ్మ జాతర కూడా. ఆ వారం మోసే మనుషులు దొరకరు, అమ్మవారి గుడి ఉన్న తాతయ్యగుంట వైపు లారీ తిరగదు. అక్కవాళ్లు జాతర అయ్యాకే రోజు పెట్టుకున్నారు. ఇంకో నెల ఆగితే ఆషాఢం, ఇల్లు కదలడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. వాళ్లతో వాదించి గెలవాల్సిన పని లేదు. ఓడకు ముహూర్తం కుదరదు, ఇంటికి కుదురుతుంది. దేవుడి పటం, పసుపు కుంకుమ, పాలు పొంగించే గిన్నె అక్క సూట్‌కేసులోనే పెట్టుకుంది. అక్కడ మంచిరోజు చూసి పాలు పొంగిస్తారు. పరుపులు, బీరువాలు తర్వాత ఎప్పుడొచ్చినా తప్పేముంది?

[దృశ్యం: హాల్లో పక్కన పెట్టేసిన వస్తువులు.]

లారీ ఎక్కనివి చూడండి. టీవీ, మిక్సీ, గ్రైండరు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. బ్రిటన్‌కు వెళ్లేవాళ్లు ప్లగ్గు మార్చుకుని వాడుకోవచ్చు, అమెరికాకు మాత్రం దండగ.

ఇదిగో, ఈ రాజారాణి బొమ్మలు. ఎర్రచందనంతో చేసినవి, మన వైపు బొమ్మల కొలువు పెట్టే చాలా ఇళ్లలో ఉంటాయి. శేషాచలం అడవుల్లో పెరిగే ఈ చెట్టు 1995 నుంచి, అంతరించే ముప్పున్న జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. మన దేశంలోనూ ఎర్రచందనం ఎగుమతి మీద కఠినమైన ఆంక్షలున్నాయి. దేవుడి గదిలోని నెమలి ఈకలు కూడా పంపకూడదు, వాటి ఎగుమతి నిషేధం. తాతల కాలం నాటి పంచలోహ విగ్రహం ఉందనుకోండి, నూరేళ్లు దాటితే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు. అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి, దానికి వారాలు పడుతుంది. ఒక్క బొమ్మ దగ్గర అనుమానం వస్తే మొత్తం సామాను తనిఖీలో ఆగిపోతుంది, ఓడ వెళ్లిపోతుంది. అక్క బొమ్మలు అమ్మమ్మ దగ్గరే ఉంటాయి. శ్రీకాళహస్తి కలంకారీ తెర మాత్రం మడత పెట్టి పెట్టెలో వేసింది. దానికి ఏ అడ్డూ లేదు.

కొత్త స్టీలు సామాన్లు, పెట్టె విప్పని కుక్కర్లు కొనేవాళ్లకు ఒక మాట. ఏడాది పైన వాడిన ఇంటి సామానుకే అమెరికాలో సుంకం మినహాయింపు. ఆస్ట్రేలియాలోనూ 12 నెలల వాడకమే లెక్క. బ్రిటన్‌లో ఆరు నెలలు. కెనడా పద్ధతి వేరు. మీరు మొదటిసారి దిగిన రోజే, వెనక రాబోయే సామాను పట్టీని అధికారికి ఇవ్వాలి. అంటే ఆ పట్టీ ఇక్కడ విమానం ఎక్కకముందే తయారవ్వాలి. ప్రయాణానికి వారం ముందు బజారులో కొన్నదాన్ని పాత సామాను అని రాసిస్తే అది అబద్ధం అవుతుంది.

[దృశ్యం: లారీ కదులుతోంది. రేణిగుంట దాటి పుత్తూరు వైపు రోడ్డు.]

రేణిగుంట దాటాం. ఇక పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా మద్రాసు. చిత్తూరు, పలమనేరు వాళ్లకు రాణిపేట, కాంచీపురం దారి దగ్గర. అటూ ఇటూ మామిడి తోటలు. జూన్ వచ్చిందంటే తోతాపురి కోతలు మొదలు, దామలచెరువు, బంగారుపాళ్యం మార్కెట్లకు, చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు లారీలు బారులు తీరుతాయి. అప్పుడు లారీ కావాలంటే ముందే మాట్లాడుకోవాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకో గండం, ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని పల్లెలు ఖాళీ చేయించారు. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపానుకు మద్రాసు మునిగింది, రేవులో పని ఆగింది. ఆ మూడు నెలల్లో పంపక తప్పకపోతే ప్రతి పెట్టె లోపల ప్లాస్టిక్ పొర వేయించండి, రెండు వారాలు అదనంగా వేసుకోండి.

[దృశ్యం: నగరి కొండ.]

ముక్కులా కనిపిస్తోందే, అదే నగరి కొండ. ఈ దారిన సముద్రం దాటడానికి వెళ్లినవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఇదంతా ఉత్తర ఆర్కాటు. ఆ జిల్లా పల్లెల నుంచి ఎందరో కూలీలుగా రాతకోతలు చేసి మద్రాసులో ఓడ ఎక్కారు, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, మారిషస్‌కు. మద్రాసు నుంచి మొదటి నటాల్ ఓడ ట్రూరో 1860 అక్టోబరులో కదిలి, నవంబరు 16న డర్బన్ చేరింది. వాళ్లతో వెళ్లింది చేతి మూట మాత్రమే. ఎప్పుడు వెళ్లాలి, ఏం పట్టుకెళ్లాలి అని ఎంచుకునే వీలు వాళ్లకు లేదు. మనకు ఉంది, కాబట్టి దాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి.

[దృశ్యం: మద్రాసు శివారు, గోదాము.]

చేరుకున్నాం. అక్క సామాను ఒక కంటైనరు నిండేంత లేదు. 20 అడుగుల కంటైనరులో దాదాపు 33 ఘనమీటర్లు పడుతుంది, ఈ సామాను అందులో మూడో వంతు. కాబట్టి నలుగురితో కలిపి పంపే పద్ధతి. డబ్బు మిగులుతుంది. కానీ ఆ కంటైనరు నిండేదాకా మన పెట్టెలు ఈ గోదాములోనే ఉంటాయి. ఏజెంటు చెప్పే "ప్రయాణం ఇన్ని రోజులు" అన్న మాటలో ఈ కాచుకునే రోజులు ఉండవు. అందుకే విడిగా అడగండి: కంటైనరు ఎప్పుడు మూస్తారు, ఓడకు ఆఖరి గడువు ఏ రోజు, మధ్యలో ఎక్కడ దిగుతుంది. అమెరికా ఓడకైతే ఎక్కించడానికి 24 గంటల ముందే వివరాలన్నీ అక్కడి కస్టమ్స్‌కు అందాలి, అది ఎవరు పంపుతున్నారో కూడా కనుక్కోండి. చెక్క పెట్టెలు వాడితే వేడి చేసిన కలప అని ముద్ర ఉందో లేదో చూడండి. కలప లోపలి దాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలితేనే ఆ ముద్ర వేస్తారు. ముద్ర లేని చెక్కను అవతలి రేవులో ఆపేస్తారు.

బీమా విషయం అక్క ముందే అడిగింది. మనం సొంతంగా కట్టిన పెట్టెలో గాజు పగిలితే సాధారణంగా పరిహారం రాదు. కట్టేవాళ్లతో కట్టించి, పెట్టె నంబరు వారీగా పట్టీ రాయించింది. ఆ పట్టీ ఒకటి ఏజెంటు దగ్గర, ఒకటి తన దగ్గర. మూడోది ఇప్పుడే ఫోటో తీసి బావగారికి పంపుతున్నాం. అక్కడ పెట్టెలు దించుకుని సంతకం పెట్టేది ఆయనే. లెక్క సరిపోయాకే పెట్టండి బావగారూ, లారీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.